సింహాచలం చేలో గౌరమ్మ పొద్దులు

అది 2022, ఏప్రిల్ నెల. పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక ఆఫీసు తరఫున నేను ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా తిరగడం మొదలుపెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. పేరు వినడానికి ఏదో పోలీసు ఉద్యోగంలా ఉంటుంది గానీ, పని మాత్రం ఊళ్ళమ్మట తిరిగి, రైతుల్ని అడిగి, ఫారాలు నింపుకు రావడమే. పొద్దున్నే గరాచర్మలో బస్సెక్కి జెట్టీ దగ్గర దిగడం, బోటులో హార్బర్ దాటడం, అక్కణ్ణుంచి ఆటో దొరికితే ఆటో, లేకపోతే నడక. పంతొమ్మిదేళ్ళలో ఎన్ని వేల ఫారాలు నింపానో నాకే తెలియదు. వాటిలో రెండు ఫారాల గురించే ఇప్పుడు చెప్తాను. ఆ రెండూ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, అందులో సగం మంట నా మీదే.

ఆ యేడు మాకు అప్పగించిన పని పేరు రిసోర్స్ యూజ్ ఎఫిషియెన్సీ. భయపడకండి, సంగతి చిన్నదే. రైతు చేలో ఎంత పెట్టాడు, ఎంత పండించాడు అని చూడటం. విత్తనం, ఎరువు, దున్నకం, మనిషి పని ఒక పక్క రాస్తాం. పండిన గింజలు రెండో పక్క. తక్కువ పెట్టి ఎక్కువ తీసినవాళ్ళు ఎఫిషియెంట్ రైతులు. మా దీవుల్లో వరి కోశాక అదే నేలలో మిగిలిన తడికి పెసలు, మినుములు వేస్తారు. అర ఎకరం, ముప్పాతిక ఎకరం చేసుకునే చిన్న రైతులే ఎక్కువ. వాళ్ళలో మగ రైతులెలా చేస్తున్నారు, ఆడ రైతులెలా చేస్తున్నారు అన్నది విడివిడిగా తేల్చమని పైనుంచి ఆర్డరు.

హోప్ టౌన్ నుంచి లోపలికి వెళ్తే కొండ దిగువన ఒక చిన్న పల్లె ఉంది. పేరు రాయను, నా తప్పుకి ఆ ఊరు పేరు ఎందుకు పోవాలి? మూడు తరాల కింద శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళు అక్కడ పది పన్నెండున్నాయి. మా తాతది కూడా అటే కాబట్టి నన్ను చూస్తే వాళ్ళు హిందీ పక్కన పెట్టి తెలుగులోకి దిగిపోతారు.

మొదటి ఫారం గౌరమ్మది. నలభై దాటిన మనిషి. మొగుడు పోయి అప్పటికి నాలుగేళ్ళు. కూతురు పదో తరగతి. మామగారి పేరున ఉన్న ఎకరంలో అర ఎకరం ఈమె చేస్తుంది, గట్టుకి అవతలి అర ఎకరం ఈమె మరిది సింహాచలం చేస్తాడు. పంపకాలు కాగితం మీద జరగలేదు. "మా అన్నయ్య వాటా నువ్వు చేసుకో వదినా" అని మరిది అన్న మాటే ఆమెకున్న పట్టా.

ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని ఫారం తీశాను. మనిషి పని అన్న గడి దగ్గరికొచ్చేసరికి, "పెసర పనికి ఎన్ని రోజులు వెళ్ళావు అక్కా?" అని అడిగాను.

గౌరమ్మ వేళ్ళు మడుస్తూ పైకే గుర్తు చేసుకుంది. "రెండు కలుపులు, నాలుగు కోతలు. మొత్తం నలభై పొద్దులు ఎల్లినాను దీదీ. ఒక్కటి తక్కువ రాయకు, ఎక్కువా రాయకు."

నలభై అని రాశాను. టిల్లరు? "మా మరిదిదే. మూడు గంటలు దున్నినాడు." పవర్ టిల్లరు మూడు గంటలు అని రాశాను. పావుగంటలో ఫారం అయిపోయింది. ఇంత శుభ్రంగా జవాబులు చెప్పే రైతు దొరకడం మా పనిలో అదృష్టం, అందుకని ఆమెను మెచ్చుకుని లేచాను.

రెండో ఫారం సింహాచలానిది. అతను చేలో లేడు, ఇంట్లో లేడు, రోడ్డు పక్క టీ బడ్డీ దగ్గర దొరికాడు. నాలుగింటి బోటు అందుకోవాలని నాకు కంగారు. విత్తనం, ఎరువు గబగబా చెప్పాడు. టిల్లరు సొంతం. కూలీలు ఇద్దరు, రెండు రోజులు.

"మరి కలుపు, కోత?"

"అదేటి దీదీ, ఇంట్లో ఆడోళ్ళున్నారు గదా, ఆళ్ళేదో సూసుకుంతారు. అదీ ఒక పనేనా, రాయడానికి?"

ఇంట్లో ఆడవాళ్ళు, పని రోజులు అన్న గడిలో నేను ఒక గీత గీశాను. చిన్న అడ్డగీత. తర్వాత ఫోను చేసి కనుక్కుందాంలే అనుకున్నాను. బోటు ఎక్కాను, మర్చిపోయాను. ఆఫీసులో ఫారాలు కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్ళకి గీత అన్నా సున్నా అన్నా ఒకటే.

అక్టోబరులో రిపోర్టు వచ్చింది. ఆడ రైతులు మగ రైతుల కంటే మనిషి పని చాలా ఎక్కువ పెట్టి, గింజలు మాత్రం అంతే తీస్తున్నారట. వాళ్ళకి మెలకువలు తెలియవట, శిక్షణ అవసరమట. వచ్చే సీజనులో కొత్తరకం పెసర విత్తనం ముందుగా ఎఫిషియెంట్ రైతులకే ఇవ్వాలట. మా బ్లాకులో మొదటి పేరు ఎవరిదో చెప్పాలా? సింహాచలానిది! టీ బడ్డీ సింహాచలం! చిట్టచివర పేరు గౌరమ్మది. నేను చూశాను, చదివాను, కాస్త బాధపడ్డాను, ఫైలు మూసేసి క్యారేజీ విప్పుకున్నాను. ఎందుకంటే అప్పటికి నాకూ అది నిజమే అనిపించింది. నలభై పొద్దులు ఎక్కువే కదా అనుకున్నాను. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం, పైగా ఆడమనిషిని, నాకలా అనిపించిందంటే సిగ్గుగా ఉంది.

నవంబరు చివర్లో ఇంకో పని మీద ఆ పల్లెకి వెళ్ళాను. ఆటో దిగానో లేదో గౌరమ్మ ఎదురొచ్చింది. నమస్కారం లేదు, మంచినీళ్ళు తాగమనడం లేదు.

"ఏటి రాసినావు దీదీ నా మీద?"

"ఏమైంది అక్కా?"

"నా ఎవసాయం దండగని ఆఫీసోళ్ళే రాసినారంట. మీ లిస్టు కాగితం మా మరిది ఊరంతా తిప్పి సదివించినాడు. ఒచ్చే వారం మీటింగులో మీ సారుకి అర్జీ ఇస్తాడంట, నా పొలం సెక్క కూడా తన సేలో కలిపేసి ఇత్తనం తన పేరున ఇమ్మని. మీ సారు సంతకం ఎట్టేస్తే ఇంకేటుంది? రేపు పెద్దమనుసుల కాడ ఆ కాగితమే సూపిస్తాడు. నాను నీకు సెప్పింది అబద్ధమేటి? ఒక్క పొద్దు ఎక్కువ సెప్పినానా?"

కళ్ళలో నీళ్ళు లేవు, కోపం ఉంది. అదే నయం, నీళ్ళు ఉంటే నేను ఏదో ఓదార్పు మాట చెప్పి తప్పించుకునేదాన్ని. "కూర్చో అక్కా, మళ్ళీ మొదట్నుంచి చెప్పు, ఏ రోజు ఎక్కడ పని చేశావో" అని సంచిలోంచి నోట్‌బుక్ తీశాను.

చెప్పింది. కలుపు ఇన్ని పొద్దులు, మొదటి కోత ఇన్ని పొద్దులు. పెసర కాయ ఎండెక్కితే చేలోనే పగిలిపోతుంది కాబట్టి తెల్లారుతూనే మంచు మీద కోసెయ్యాలి, అందుకే వాళ్ళు రోజులనరు, పొద్దులంటారు. రాసుకుంటూ పోతుంటే మధ్యలో ఒక మాట అంది. "ఆ పొద్దులు ఆడి సేలో."

నా పెన్ను ఆగింది. "ఎవరి చేలో?"

"మా మరిది సేలో. టిల్లరు ఏసినాడు గదా. ఊరకే ఏస్తాడేటి? గంట దున్నితే ఆరు పొద్దులు మనం ఆడి సేలో సెయ్యాల. మూడు గంటలకి పద్దెనిమిది. మా వీధిలో టిల్లరు ఉన్నోళ్ళందరూ అంతే."

"మరి నలభై అన్నావు?"

"నలభై సేసినాను గదా! నువ్వు ఏటి అడిగినావు? పెసర పనికి ఎన్ని పొద్దులు ఎల్లినావు అన్నావు. ఎవులి సేలో అని అడిగినావా?"

అడగలేదు. నిజంగానే అడగలేదు. ఆమె చెప్పిన నలభైలో ఇరవై రెండే ఆమె చేనువి. మిగతా పద్దెనిమిది సింహాచలం చేలో కలుపుగా, కోతగా పోయాయి. ఆ పద్దెనిమిదిని నేను మోసుకెళ్ళి ఆమె నెత్తిన పెట్టాను, అతని ఫారంలో గీత గీశాను. పైగా టిల్లరు మూడు గంటలు కూడా ఆమెకే రాశాను. అంటే టిల్లరు ఒకసారి రాశాను, దాన్ని తీర్చిన పొద్దులు మరోసారి రాశాను. సింహాచలం భార్య పార్వతి చేసిన పొద్దులైతే ఎక్కడా లేవు. చెరో అర ఎకరం, పంటలో బస్తా తేడా కూడా లేదు. ఇక అతను మొదటివాడు కాక ఏమవుతాడు? ఇద్దరాడవాళ్ళ రెక్కలు సున్నా అని రాసిపెడితే ఎవడైనా మొదటివాడే అవుతాడు.

"తప్పు నాది గౌరక్కా" అన్నాను.

"తప్పు నీది, సెక్క నాది" అంది గౌరమ్మ. "మీటింగు లోపల ఏదో సెయ్యి."

మర్నాడు పొద్దున్నే మా సార్ గదిలోకి వెళ్ళాను. ఆయనది మెయిన్‌ల్యాండ్. మనిషి చెడ్డవాడు కాడు, కాగితాల మనిషి. కాగితం మీద ఉంటే ఉన్నట్టు, కాగితం మీద లేనిది లోకంలోనే లేదు. రెండు ఫారాలు ఆయన ముందు పెట్టి మొత్తం చెప్పాను. టీ తాగుతూ విన్నాడు.

"డేటా తో డేటా హై, మేడమ్" అన్నాడు, రాసిందే లెక్క అన్నట్టు. "రిపోర్టు పైకి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఒక్క రైతు కోసం వెనక్కి తెప్పిస్తామా?"

"ఒక్క రైతు కాదు సార్. టిల్లరు ఉన్న ప్రతి ఇంటి చుట్టూ ఇదే వాడుక ఉంది. అన్ని ఫారాలూ ఇలాగే ఉంటాయి. మళ్ళీ వెళ్ళి అడిగొస్తాను, పదిహేను రోజులు ఇవ్వండి."

ఆయన ఫారం తిప్పి కింద సంతకం చూపించాడు. "ఇది ఎవరిది? మీదే కదా?"

నాదే. గుండ్రంగా, అందంగా, తారీకుతో సహా. ఫారాలు తీసుకుని బయటికొచ్చాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా అమ్మ ఊరికే అనేది కాదు. మా అమ్మంటే గుర్తొచ్చింది. గరాచర్మలో మా ఇంటి వెనక బీర, ఆనప, అరటి వేసి, నెత్తిన గంప పెట్టుకుని బజారుకెళ్ళి నలుగురు పిల్లల్ని చదివించింది. ఏ కాగితంలో చూసినా ఆమె పేరు పక్కన పని: ఏమీ లేదు అని ఉండేది. ఆ కాగితాలు రాసినవాళ్ళని చిన్నప్పుడు తిట్టుకునేదాన్ని. పెద్దయ్యాక ఆ పెన్నే నేను పట్టుకున్నాను.

డిసెంబరు మొదటి వారంలో ఊరి కమ్యూనిటీ హాల్లో మీటింగు. బ్యానరు, ప్లాస్టిక్ కుర్చీలు, సమోసాలు. మగవాళ్ళు ముందు వరసల్లో, ఆడవాళ్ళు వెనక తలుపు దగ్గర. ఉత్తమ రైతుకి శాలువా, మందు కొట్టే స్ప్రేయరు బహుమతి. శాలువా కొనుక్కొచ్చే పని కూడా నాకే చెప్పారు, నా ఖర్మ.

సింహాచలం తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. శాలువా కన్నా ముందే సార్ బల్ల దగ్గరికి వెళ్ళి జేబులోంచి అర్జీ తీశాడు. వదిన ఒంటరి ఆడమనిషి, సేద్యం చేతకావడం లేదు, ఆ అర ఎకరం నా చేలో కలిపి విత్తనం మంజూరు చేయగలరు. సార్ చదివి తల ఊపి పెన్ను క్యాపు తీశాడు. వెనక నుంచి గౌరమ్మ నన్నే చూస్తోంది.

మైకు నా చేతిలో ఉంది, ఎందుకంటే పేర్లు పిలిచేది నేనే. ఆ క్షణంలో ఏం ఆలోచించానో అడగకండి, ఏమీ ఆలోచించలేదు.

"సార్, ఒక్క నిమిషం. మొదటి బహుమతి రైతు కదా, తన అనుభవం నలుగురితో చెప్పమందాం. అందరూ నేర్చుకుంటారు" అన్నాను. సార్‌కి అది మంచి మాటలాగే అనిపించింది. పెన్ను పట్టుకునే "హాఁ హాఁ, బోలియే" అని తల ఊపాడు.

"సింహాచలం గారూ, కిందటేడు పెసర ఎన్ని కోతలు కోశారు?"

"కోతలంటే..." నవ్వాడు. "మూడో, నాలుగో. అలగే ఉంతాయి." మెడ వెనక్కి తిప్పాడు. "ఏటే, ఎన్ని?"

పార్వతి వెనకనుంచి లేచి నిలబడింది. "నాలుగు."

"మొదటి కోత విత్తిన ఎన్నాళ్ళకి వచ్చింది?"

మెడ మళ్ళీ తిరిగింది. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"రెండు నెల్లు నిండినాక" అంది పార్వతి.

"కలుపు ఎన్నిసార్లు తీశారు?"

ఈసారి అతను మెడ తిప్పలేదు. తిప్పకుండానే, "రెండు తూర్లు. నానూ అక్కా తీసినాం" అని వెనకనుంచి పార్వతి జవాబు దానంతటదే వచ్చింది. జనం పగలబడి నవ్వారు. ముందు వరసలో ఒక ముసలాయన, "అరే భయ్యా, శాలువా ఎవులికి కప్పాలి మరి?" అన్నాడు.

గౌరమ్మ లేచింది. "నావి పద్దెనిమిది పొద్దులు, మా మరిది సేలో. టిల్లరుకి బదులు. పార్వతివి నాకు తెల్దు, దాన్ని ఎవులూ అడగలేదు."

"ఆ పద్దెనిమిది పొద్దులూ సింహాచలం గారి ఫారంలో లేవు" అన్నాను మైకులోనే. "గౌరమ్మ ఫారంలో ఉన్నాయి. పార్వతి పొద్దులు ఏ ఫారంలోనూ లేవు. అడగకుండా రాసింది నేను. ఈ ఊళ్ళో సేద్యం చేతకానిది ఏదైనా ఉంటే అది నా పెన్నే."

సార్ నా వైపు చూశాడు, అర్జీ వైపు చూశాడు. పెన్నుకి క్యాపు పెట్టి అర్జీని ఫైల్లో కిందకి తోశాడు. "యే బాద్ మే దేఖేంగే" అన్నాడు, తర్వాత చూద్దామని. మా ఆఫీసులో బాద్ మే అంటే ఎప్పటికీ కాదని పంతొమ్మిదేళ్ళుగా తెలుసు కాబట్టి నాకు ఊపిరి వచ్చింది.

కానీ శాలువా? శాలువా సింహాచలానికే కప్పారు. స్ప్రేయరూ అతనికే ఇచ్చారు. లిస్టులో పేరు ఉంది కదా, డేటా తో డేటా హై! సొమ్మొకడిది సోకొకడిది అని వినడమే గానీ, ఆ సోకుని మడత విప్పి నా చేతులతో అందించాల్సి వచ్చింది. గౌరమ్మకి విత్తనం ఇవ్వలేదు. రిపోర్టు సరిచేయలేదు, అది ఇప్పటికీ అలాగే ఉంది. ఎవరో ఎక్కడో దాన్ని చూసి, ఆడవాళ్ళకి సేద్యంలో మెలకువలు తెలియవని ఇంకో రిపోర్టు రాసే ఉంటారు. నాకు మాత్రం మీటింగులో అనుచిత ప్రవర్తన అని మెమో వచ్చింది. తప్పుడు ఫారం రాసినందుకు రాని మెమో, ఆ తప్పు ఒప్పుకున్నందుకు వచ్చింది.

మీటింగు అయిన సాయంత్రమే సింహాచలం వదినతో అనేశాడట, ఇంక నా టిల్లరు నీ చేలో దిగదని. నాకు తెలిసి పరుగెత్తాను. టిల్లరు లేకపోతే దున్నకం లేదు, వరి కోసిన నాలుగు రోజులకి తడి ఆరిపోతుంది, విత్తకపోతే చెక్క బీడు పడుతుంది, బీడు పెట్టిందని మళ్ళీ అర్జీ లేస్తుంది. దారంతా ఇదే నా గుబులు.

గౌరమ్మ గట్టు మీద రేకు డబ్బా పెట్టుకుని కూర్చుంది. డబ్బాలో బూడిద కలిపిన పెసలు, కిందటేడు పంటలో దాచుకున్నవి. చేలో వరి ఇంకా నిలబడే ఉంది, కోతకి మూడు రోజులుంది.

"దున్నకుండా ఎలా అక్కా?" అన్నాను.

"మా అమ్మమ్మ పలాస కాడ నుంచి ఓడెక్కి ఒచ్చినప్పుడు టిల్లరు నెత్తినెట్టుకుని ఒచ్చిందేటి?" అంది. లేచి, చీర కుచ్చిళ్ళు బిగించి, వరి దుబ్బుల మధ్యకి దిగి పెసలు చల్లడం మొదలుపెట్టింది. వరి కోతకి ముందే తడి నేల మీద చల్లేస్తే, కోసేవాళ్ళ కాళ్ళ కింద విత్తనం నేలకి అంటుకుని, కోశాక వెలుతురు తగిలి మొలకలు లేస్తాయి. కోస్తాలో మాగాణి చేసేవాళ్ళకి తెలిసిన పద్ధతే. మేము పంచే కరపత్రంలో మాత్రం రెండుసార్లు దున్నాలి అని ఉంటుంది, నేనూ పంతొమ్మిదేళ్ళు అదే పంచాను.

"టిల్లరుంటే సుళువని ఆడి కాడికి ఎల్లినాం గానీ, లేకపోతే బతకలేమని కాదు" అంది చేతిలో గింజలు విదిలిస్తూ. దున్నకం లేదు కాబట్టి ఈ యేడు ఆమె ఎవరికీ ఒక్క పొద్దు కూడా బాకీ లేదు. ఆ సంగతి సింహాచలానికి అప్పుడు తట్టలేదు.

ఫిబ్రవరిలో తట్టింది. కాయ నల్లబడి కోతకొచ్చింది. పంటలో కొంత మేర కొలిచి కోయించి తూచే పని ఒకటుంటుంది మాకు, దాన్ని క్రాప్ కటింగ్ అంటాం. దాని కోసం నేను ఆ వారమంతా అక్కడే ఉన్నాను. సింహాచలం ముందు కబురు పెట్టాడు, తర్వాత తానే గట్టు దాకా వచ్చాడు.

"వదినా, రేపట్నుంచి కోతకి రా. పాతయి మనసులో ఎట్టుకోకు."

గౌరమ్మ తన చేలో కాయ కోస్తూనే, తలెత్తకుండా అంది. "నాను దండగ మనిసిని గదా బాబూ. ఆఫీసు కాగితం నువ్వే సదివించినావు. దండగ మనిసి నీ సేలో అడుగెడితే నీ మొదటి నెంబరు ఎలిపోదేటి?"

కూలీల కోసం ఊరంతా తిరిగాడు. ఆ రోజుల్లో ప్రతి ఆడమనిషీ తన చేలోనో, తను పొద్దులు బాకీ ఉన్న చేలోనో ఉంటుంది. ఎవరూ దొరకలేదు. పార్వతి ఒక్కతే తెల్లారుఝామున దిగింది. ఒక్కతి ఎంత కోస్తుంది? తొమ్మిది దాటాక ఉత్తమ రైతు గారు తలకి తువ్వాలు చుట్టుకుని తానే దిగాడు. అప్పటికి ఎండెక్కింది. అతను చెయ్యి వేస్తే చాలు, కాయ టప్పున పగిలి గింజలు నేల మీద పడుతున్నాయి. వంగి ఏరబోతే పక్క మొక్క తగిలి అదీ పగులుతోంది. "అరే యార్, ఏటిది!" అని అరుస్తున్నాడు పెసర చేను మీద.

నాకు జాలి కలగలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఇంట్లో ఆడోళ్ళేదో చూసుకుంటారు అన్నాడు కదా, ఆ ఏదో ఇదే. పార్వతిని చూస్తే మాత్రం మనసు చివుక్కుమంది. మూడో రోజు ఆమె గట్టు దగ్గరకొచ్చి, "అక్కా, నువ్వుంటే బాగున్ను" అంది. గౌరమ్మ కాయల బుట్ట కింద పెట్టి ఆమెకి మంచినీళ్ళిచ్చింది. "నీ కోసమైతే ఒచ్చీదాన్ని పార్వతీ. ఆడి కోసం రాను. ఒచ్చినానంటే మల్లీ సున్నాయే" అంది. ఇద్దరూ అక్కడే కాసేపు కూర్చున్నారు, నేను పక్కకి వెళ్ళిపోయాను.

ఆ యేడు గౌరమ్మకి మునుపటంత పంటే వచ్చింది, టిల్లరు లేకుండా, ఆఫీసు విత్తనం లేకుండా. చేలో ముప్పావు వంతు నేలపాలయ్యాక సింహాచలం అర్జీ ఊసెత్తలేదు. కిందటేడు ఎవరి వల్ల పండిందో ఊరంతా కళ్ళారా చూశాక ఏ మొహంతో ఎత్తుతాడు? చెక్క గౌరమ్మ చేతిలోనే ఉంది. కాగితం మాత్రం ఇంకా మామగారి పేరనే ఉంది. ఆ విషయంలో నేను చేయగలిగింది లేకపోయింది, ఆ లోటు లోటే.

ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి ఫారాలు నింపడం నేనే నేర్పిస్తున్నాను. మొదటి రోజు వాళ్ళకి నా పాత ఫారం చూపించి, ఆ అడ్డగీత మీద వేలు పెట్టిస్తాను. ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు అని ఎవరైనా అంటే, ఇంట్లోవాళ్ళంటే ఎవరు, పేరు చెప్పండి, ఎవరి చేలో, ఎన్ని పొద్దులు అని అడగమంటాను. ఆ ఇంట్లోవాళ్ళని పిలిచి వాళ్ళ నోటితోనే చెప్పించమంటాను. బోటు పోతే ఇంకో బోటు వస్తుంది, అక్కడే కూర్చోండి అంటాను. విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఆ కోతలయ్యాక, ఏప్రిల్లో మళ్ళీ ఫారాలు పట్టుకుని వెళ్ళాను. సింహాచలం ఈసారి ఇంటి దగ్గరే దొరికాడు. పార్వతిని కూడా పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాను, ఆమె పొద్దులు ఆమె చెప్పింది, రాసుకున్నాను. చివరి పేజీలో పంట నష్టానికి కారణం అన్న గడి ఉంటుంది. వాన, పురుగు, పశువులు, ఇతరములు అని నాలుగే ఉంటాయి.

"వాతావరణం అని రాయి దీదీ" అన్నాడు సింహాచలం. "ఈ యేడు ఎండ మరీ ముదిరిపోనాది."

ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. "గట్టుకి అవతల ఎండ లేదా భయ్యా?" అన్నాను. పార్వతి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వారం తర్వాత కంప్యూటర్ అమ్మాయి ఫోను చేసింది. "మేడమ్, ఈ ఫారంలో ఇతరములు అని టిక్కు పెట్టి పక్కన ఏదో రాశారు. సిస్టమ్ తీసుకోవట్లేదు, దీనికి కోడ్ లేదంట. వాన అని కొట్టేయనా?"

"కొట్టొద్దు. రాసింది రాసినట్టు ఎక్కించు."

"చదవనా మేడమ్, సరిగ్గానే ఉందో లేదో?"

"చదువు."

"గౌరమ్మ రాలేదు."

"సరిగ్గానే ఉంది" అన్నాను.